చేను ఆమెది, పట్టా ఆయనది

(డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

పేదరికం, స్త్రీ పురుష అసమానత అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వస్తాను. ఇంట్లో సాగుభూమి ఉన్నవాళ్లు, అరెకరం అయినా సరే, చేతులెత్తండి. సగానికి పైగానే ఉన్నారు. ఇప్పుడు ఆ భూమి పట్టాదారు పాసుపుస్తకం అమ్మ పేరిట గానీ, నాయనమ్మ పేరిట గానీ ఉన్నవాళ్లు చేతులు అలాగే ఉంచండి. మిగిలినవాళ్లు దించేయండి. ఎన్ని చేతులు మిగిలాయో మీరే చూడండి. వెనక వరుసలో ఉన్న అబ్బాయీ, మీ పొలం అమ్మ పేరిట ఎప్పటినుంచి ఉంది? నాన్నగారు పోయిన తర్వాతా? కూర్చో నాయనా. ముందు వరుసలోని ఈ అమ్మాయి కూడా అదే చెబుతోంది. మిగిలిన ఆ కొద్ది చేతుల వెనక కూడా ఒక మరణం ఉందన్నమాట.

మరి ఆ పొలంలో నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది, మిరపకాయ కోసేది ఎవరు? దీనికి చేతులెత్తనక్కర్లేదు.

ఈ గదిలో కనిపించిందే దేశమంతటా ఉంది. 2022-23 కార్మిక సర్వే ప్రకారం పల్లెల్లో పనిచేస్తున్న స్త్రీలలో నూటికి 76 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. పురుషులలో 49 మంది. మగవాళ్లు మేస్త్రీ పనికో, ఆటో నడపడానికో, పట్నంలో కాపలా ఉద్యోగానికో వెళ్తున్న కొద్దీ చేను ఆడవాళ్ల చేతికి వస్తోంది. చేతికైతే వస్తోంది గానీ పేరిట రావడం లేదు. 2015-16 వ్యవసాయ గణన చూస్తే దేశంలోని కమతాల్లో స్త్రీలవిగా నమోదైనవి సుమారు 14 శాతం. విస్తీర్ణం లెక్కన చూస్తే 12 శాతం కూడా లేదు.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. పల్లెటూరి స్త్రీకి పని లేక పేదరికం రాలేదు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా ఆమె చేసే పనిలో ఏదీ ఆమె పేరిట రాయబడకపోవడం వల్ల వచ్చింది. రాయబడనిదానికి ధర లేదు, రుణం లేదు, బీమా లేదు, పరిహారం లేదు. ఆ రాతను మార్చకుండా ఎన్ని పథకాలు పెట్టినా అవి ఆమె పక్క నుంచే వెళ్లిపోతాయి.

పేదరికాన్ని మనం ఎలా కొలుస్తామో ముందు చూద్దాం. కుటుంబం లెక్కన కొలుస్తాం. రేషన్ కార్డు కుటుంబానికి, సర్వే కుటుంబానికి. నలుగురున్న ఇంట్లో నెలకు ఇంత ఖర్చు అని రాసుకుని నాలుగుతో భాగిస్తే ఒక్కొక్కరి వాటా వచ్చేసినట్టే. ఆ భాగహారంలోనే అబద్ధం ఉంది. ఆ నలుగురూ సమానంగా తింటున్నారని, జబ్బు చేస్తే నలుగురినీ ఒకే తొందరతో ఆసుపత్రికి తీసుకెళ్తున్నారని అది అనుకుంటుంది. గడప దాటి లోపలికి వెళ్లి ఎవరి కంచంలో ఏముందో చూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తపరీక్షలు చేశారు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే వయసు పురుషులలో 25 మందికి. ఇల్లు ఒకటే, పొయ్యి ఒకటే, బియ్యం అవే. నెలసరి, కాన్పులు వంటి శారీరక కారణాలు ఉన్నాయి, కాదనను. ఉన్నాయని తెలిసినప్పుడు ఆమెకు మరో ముద్ద ఎక్కువ పెట్టాలి కదా! అందరి తర్వాత, అడుగున మిగిలింది తినమని ఏ శరీరధర్మం చెప్పింది?

1990లో ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఒక లెక్క వేశారు. స్త్రీలకు తిండిలో, వైద్యంలో పురుషులతో సమానంగా చూపు దక్కి ఉంటే బతికి ఉండవలసిన వారిలో ప్రపంచం మొత్తం మీద పది కోట్ల మందికి పైగా లేకుండా పోయారని రాశారు. మన దేశంలో 2001 జనగణనలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యి మందికి ఆడపిల్లలు 927 మంది. 2011కి 919 మంది. ఆ పదేళ్లూ దేశం ఆదాయం బాగా పెరిగిన పదేళ్లు. ఇంటికి డబ్బు వస్తే ఇంట్లో అందరికీ అందుతుందనే నమ్మకం ఎవరికైనా ఉంటే ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక పని సంగతి. కేంద్ర గణాంక శాఖ 2019లో సమయ వినియోగ సర్వే చేసింది. ఇరవై నాలుగు గంటల్లో ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో అడిగి రాసుకుంది. ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు, జీతం లేని ఆ పనికే పెడుతున్నారు. ఇంటిపనిలో చేయి వేసే పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారు. అసలు చేయి వేసే పురుషులే నూటికి 26 మంది. స్త్రీలలో 81 మంది. ఈ ఐదు గంటల తర్వాత ఆమె పొలానికి వెళ్తుంది. కూలికి వెళ్లిన రోజున అదే చేలో మగకూలి ఒకటి, ఆడకూలి ఒకటి. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. నాటు వేయడం తేలికపని అని, దుక్కి దున్నడం బరువుపని అని ఎవరు తేల్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మోకాలి లోతు బురదలో నడుము వంచి రోజంతా వెనక్కి వెనక్కి నడుస్తూ నాటు వేసిన వాళ్లెవరూ దాన్ని తేలికపని అనరు.

కూలిపని అయితే కనీసం డబ్బు చేతికి వస్తుంది. సొంత చేలో చేసిన పనికి అదీ లేదు. 2022-23లో మన దేశంలో పనిచేస్తున్న స్త్రీలలో నూటికి 37 మందికి పైగా 'కుటుంబ వ్యాపకంలో జీతం లేని సహాయకులు' అనే గడిలో నమోదయ్యారు. సహాయకురాలు అట! విత్తనం ఎన్ని గింజలు పెట్టాలో తెలిసినది, ఏ మడికి ఎప్పుడు తడి కావాలో తెలిసినది, పశువుకు దాణా వేసేది, పంటను ఎండబెట్టి మూట కట్టేది సహాయకురాలైతే అసలు రైతు ఎవరు?

ఈ గడి చచ్చిన తర్వాత కూడా వదలదు. చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. 2021 జాతీయ నేర గణాంకాల ప్రకారం ఆ ఏడాది ప్రాణం తీసుకున్న రైతులు 5,318 మంది. అందులో స్త్రీలుగా నమోదైనవారు 211 మంది. అదే పుస్తకంలో, అదే ఏడాది, గృహిణులు 23 వేలకు పైగా. వారిలో ఎంతమంది అప్పు తెచ్చి పంట వేసిన వాళ్లో ఆ పుస్తకం చెప్పదు. ఆమె పేరిట పట్టా లేదు కాబట్టి రైతు కాదు. రైతు కాదు కాబట్టి గృహిణి. రైతు ఆత్మహత్యలకు పరిహారం ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 421వ నంబరు జీవో వచ్చింది. అధికారులు ఇంటికి వచ్చి విచారించి, చనిపోయిన వ్యక్తి రైతేనా, అప్పు వ్యవసాయం కోసమేనా అని కాగితాలు చూస్తారు. ఆడమనిషి విషయంలో ఆ మొదటి ప్రశ్న దగ్గరే అంతా ఆగిపోతుంది.

నేను చూసిన ఒక సందర్భం చెబుతాను. ఊరు, పేర్లు చెప్పను. ఒక మండల కార్యాలయం వరండాలో ఒకామె కూర్చుని ఉంది. ముప్పై ఐదేళ్లు ఉండవు. చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చిన ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు. ఒక్కొక్కటే తీసి చూపించింది. భర్త మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్, రేషన్ కార్డు. వాటి అడుగున రబ్బరు బ్యాండు వేసిన చీటీల కట్ట. పురుగుమందుల కొట్టు ఖాతా చీటీలవి. పైన భర్త పేరు, కింద విత్తనాలు, ఎరువులు, మందుల లెక్క. భర్త పోయి రెండు పంటలు గడిచాయి. చీటీల మీద మాత్రం ఇంకా ఆయన పేరే ఉంది. బాకీ కడుతున్నది ఆమె. "మీ పేరున రాయమని అడగలేదా అమ్మా?" అంటే, "అడిగానక్కా. నీ పేరున రాస్తే నాకు ఏం భరోసా అన్నాడు" అంది.

ఆమె వచ్చింది ఫౌతీ కోసం. అంటే పట్టాదారు పోయాక భూమిని వారసుల పేరిట మార్చడం. తీరా రికార్డు తీస్తే భూమి భర్త పేరిటే లేదు, మామగారి పేరిట ఉంది. ఆయన బతికే ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ నోటిమాటగా పంచుకుని చెరొక చెక్క దున్నుకుంటున్నారు. కాబట్టి రికార్డు ప్రకారం ఆమెకు ఇప్పటికి మార్పించుకోవడానికి ఏదీ లేదు. గుమస్తా ఆ మాటే చెప్పాడు, కసురుకోలేదు, మర్యాదగానే చెప్పాడు. ఆమె కాగితాలన్నీ మళ్లీ అదే వరసలో సర్దుకుని, చీటీల కట్ట అడుగున పెట్టుకుని, మరుసటి రోజు మిరప కోతకు వెళ్లాలని బస్సు కోసం లేచింది. ఆ చేలో పదమూడేళ్లుగా పంట తీసింది ఆమేనని రాసుకోవడానికి ఆ కార్యాలయంలో ఏ రిజిస్టరూ లేదు.

పట్టా లేకపోతే ఏం పోతుందో మీకు తెలియంది కాదు. బ్యాంకు పంట రుణం ఇవ్వదు, వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లాలి. ఏడాదికి ఆరువేలిచ్చే పీఎం కిసాన్ రాదు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే ఇచ్చారు, ఐదు లక్షల రైతు బీమా పట్టాదారు చనిపోతేనే. వడగళ్లకు పంట పోతే పరిహారం రాసేటప్పుడు అడిగేది పాసుపుస్తకమే. భర్త బతికుంటే ఇవన్నీ ఇంటికి వస్తున్నాయి కదా అంటారు. వస్తున్నాయి. ఇంటికి వచ్చినది ఆమె దాకా వస్తుందా అన్నది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను అడగాల్సింది. మొగుడి కూలి సారా దుకాణంలోనే అయిపోతుంటే పిల్లలకు పెట్టడానికి ఏమీ లేక వాళ్లు దుకాణం మూయించారు. వయోజన విద్య కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంటూ మొదలైన ఆ మాట జిల్లా అంతా పాకి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించే దాకా వెళ్లింది. ఇంటి ఆదాయం వేరు, ఇల్లాలి ఆదాయం వేరు అని ఆర్థికవేత్తల కంటే ముందు వాళ్లు చెప్పారు.

ఇప్పుడు చట్టం సంగతి. మనది ఈ విషయంలో గర్వపడదగిన చరిత్రే. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కొడుకుతో పాటు కూతురికి, భార్యకు, తల్లికి సమాన వాటా ఇచ్చింది. పిత్రార్జితంలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉంచింది. పల్లెల్లో భూమిలో ఎక్కువ భాగం పిత్రార్జితమే కదా. దాన్ని సరిచేయడానికి ఎన్‌టీ రామారావు ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. కూతురికి కూడా పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు వచ్చింది. దేశం మొత్తానికి ఆ మార్పు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది, 2005 సెప్టెంబరు 9న. ఆ తేదీకి తండ్రి బతికి ఉండి తీరాలా అన్న వివాదాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అవసరం లేదు, హక్కు పుట్టుకతో వస్తుంది అంది. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వారసత్వ నియమాలు వేరు, వాటి మీద మరోసారి మాట్లాడుకుందాం.

అయితే రాష్ట్రాలు భూమిని తామే పంచినప్పుడు, పరిమితులు పెట్టినప్పుడు ఎలా ప్రవర్తించాయో కూడా చూడాలి. 1973లో, ఒక కుటుంబం ఇంతకు మించి భూమి ఉంచుకోకూడదనే మన భూపరిమితి చట్టం వచ్చింది. ఇంట్లో మేజరు కొడుకులు ఉంటే ఆ కుటుంబం అదనంగా భూమి ఉంచుకోవచ్చని తర్వాత సవరించారు. మేజరు కూతురు ఉంటే? ఆమె లెక్కలో లేదు. అంటే మిగులు భూమి ఎంత ఉందో తేల్చేటప్పుడే సర్కారు కూతుర్ని మనిషిగా లెక్కపెట్టలేదు. ఆరో పంచవర్ష ప్రణాళిక, 1980లో మొదలైనది, పంచే భూమికి భార్యాభర్తల ఉమ్మడి పట్టా ఇస్తామని రాసింది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని గట్టిగా చెప్పింది, పెళ్లయినవారికి పట్టా ఇద్దరి పేరిటా ఉండాలని. ఇళ్లస్థలాలు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్ల పేరిటే ఇస్తున్నారు, ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలుపెట్టి లక్షల పట్టాలు అలాగే ఇచ్చారు. మంచిదే. తల దాచుకునే సెంటు భూమి ఆమె పేరిట, తిండి పెట్టే ఎకరం ఆయన పేరిట. ఈ గీత ఎందుకు దాటలేకపోతున్నారో ప్రభుత్వాలను అడగవలసిన ప్రశ్న.

ఒక చీటీ వచ్చింది. చదువుతాను. "మా అక్కకు పెళ్లిలో కట్నం ఇచ్చాం. మళ్లీ భూమిలో వాటా ఎందుకు ఇవ్వాలి?" పేరు రాయలేదు, పరవాలేదు. మంచి ప్రశ్న, ఎందుకంటే ఇది చాలా ఇళ్లలో ఉన్న ప్రశ్న.

కట్నం ఎవరి చేతికి వెళ్లింది బాబూ? మీ అక్క చేతికా, బావగారి చేతికా, ఆయన తండ్రి చేతికా? 1961 వరకట్న నిషేధ చట్టంలో ఆరో సెక్షన్ చదవండి. అసలు కట్నం తీసుకోవడమే నేరం. ఎవరైనా తీసుకుంటే దాన్ని మూడు నెలల్లో ఆ అమ్మాయికి అప్పగించాలి అని ఉంది. ఎక్కడైనా అప్పగించగా చూశారా? ఆ డబ్బు ఆడపడుచు పెళ్లికి పోతుంది, లేదా ట్రాక్టరు అవుతుంది, ఆ ట్రాక్టరు భర్త పేరిట ఉంటుంది. కోస్తాలో పసుపు కుంకుమల కింద ఎకరమో రెండెకరాలో ఇచ్చే ఆచారం ఉంది. అది మెరుగు. కానీ అదీ చాలాచోట్ల నోటిమాటే. దస్తావేజు ఉండదు, తండ్రి పోయాక ఆ మాటకు సాక్షి ఉండడు. ఇంకో తేడా కూడా ఉంది. కట్నం ఇచ్చేది ఆమెను పంపించడానికి. వాటా ఇచ్చేది ఆమె ఆ ఇంటి మనిషి కాబట్టి. మీ అక్కకు మీరు ఏది ఇచ్చారో మీరే ఆలోచించుకోండి.

చట్టం ఇచ్చిన వాటాను ఆడపిల్లలు ఎందుకు అడగరు అన్నది నన్ను చాలా కాలంగా పట్టుకున్న విషయం. తెలియక అని చాలామంది అంటారు. తెలియకపోవడం ఒకప్పటి మాట. ఇప్పుడు ఏ ఊళ్లో అడిగినా మాకు సమాన హక్కు ఉందని చెబుతారు. తెలిసీ వదులుకుంటున్నారు. తండ్రి పోయాక కర్మ అయిన రోజునో, ఆ మరునాడో, అన్నదమ్ములు హక్కు విడుదల దస్తావేజు తెస్తారు. అందరూ ఏడ్చి ఏడ్చి ఉన్న వేళ. వదిన కాఫీ తెచ్చి ఇస్తుంది, చీర పెడుతుంది. ఆమె సంతకం పెడుతుంది. బలవంతం ఉండదు. బలవంతం ఉంటే కోర్టుకైనా వెళ్లవచ్చు.

ఎందుకు పెడుతుంది? ఆమె లెక్క ఆమెకు ఉంది. భర్త కొడితే, వదిలేస్తే, చనిపోతే ఎక్కడికి వెళ్తుంది? పుట్టింటికి. ఆమెకున్న బీమా అదొక్కటే. వాటా అడిగిన రోజున ఆ తలుపు మూసుకుంటుంది. రాఖీ కట్టడానికి, పండక్కి రావడానికి, కాన్పుకు రావడానికి, ఒక రాత్రి ఏడుస్తూ వచ్చి నిద్రపోవడానికి ఉన్న చోటు పోతుంది. ఎప్పుడు అవసరమవుతుందో తెలియని ఆ ఆసరా కోసం ఎకరం భూమిని ముందుగానే ప్రీమియంగా కట్టేస్తోంది. ఇది అమాయకత్వం అని దయచేసి అనకండి. వేరే దారి లేని మనిషి వేసుకున్న లెక్క ఇది. భర్త ఇంట్లోనూ ఆమె పేరిట ఏమీ లేదు కాబట్టే పుట్టింటి తలుపుకు అంత ధర పలుకుతోంది. అత్తింటి భూమిలో ఆమె పేరు ఉండి ఉంటే ఆ సంతకం పెట్టే ముందు ఒక్క క్షణం ఆలోచించేది.

వాటాలు ఇస్తే కమతాలు ముక్కలైపోతాయి అని ఇంకో వాదన ఉంది. నలుగురు కొడుకులకు పంచినప్పుడు లేని బెంగ కూతురి దగ్గరికి వచ్చేసరికే వస్తుంది. అంతకు మించి ఆ వాదన మీద సమయం పెట్టను.

అప్పు సంగతి చెప్పకుండా ఈ అంశం పూర్తి కాదు. ఆస్తి ఇవ్వడానికి ఆమె పేరు గుర్తుకు రాని వ్యవస్థకు అప్పు ఇవ్వడానికి మాత్రం ఆమె పేరే గుర్తుకొస్తుంది. 1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపింది. ఆ సంఘాల వల్ల జరిగిన మేలు నేను కళ్లారా చూశాను, దాన్ని తక్కువ చేయను. బ్యాంకు మెట్లు ఎక్కని ఆడవాళ్లు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడటం నేర్చుకున్నారు. ఆ వెనకే లాభం కోసం సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. ఆడవాళ్లు ఊరు వదిలి పారిపోరు, పరువు కోసం కడతారు, ఒకరు కట్టకపోతే మిగతా నలుగురు కట్టిస్తారు అన్నదే వాళ్ల హామీ. భూమి లేని మనిషి దగ్గర తాకట్టు పెట్టుకోవడానికి మిగిలింది ఆమె పరువు. వారం వారం వసూలు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, ఇంటి ముందు గొడవలు, ఆత్మహత్యలు. చివరికి 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ కంపెనీలకు కళ్లెం వేయవలసి వచ్చింది. ఆ అప్పుల్లో ఎంత భాగం భర్త బోరు వేయడానికి, భర్త పేరిట ఉన్న పొలంలో పెట్టుబడికి వెళ్లిందో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. బోరు పడితే నీళ్లు ఆయన పొలానికి. పడకపోతే వాయిదా ఆమె కట్టాలి.

పేరు రాస్తే ఏం మారుతుంది? ఉపాధి హామీ పని చూడండి. 2005లో ఆ చట్టం వచ్చినప్పుడు మస్టరులో, అంటే హాజరు పట్టీలో, స్త్రీ పేరు విడిగా రాశారు, మగవాళ్లతో సమానమైన రేటు కట్టారు. పనిదినాల్లో మూడో వంతైనా స్త్రీలకు దక్కాలని చట్టం చెబితే, సగానికి పైగా వాళ్లే చేశారు. ఆడవాళ్లు బయటి పనికి రారు అని అంతకుముందు పుస్తకాలు రాసినవాళ్లు ఉన్నారు.

భూమి విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ అనే ఇద్దరు పరిశోధకులు కేరళలోని తిరువనంతపురం జిల్లాలో పెళ్లయిన స్త్రీలను ఇంటింటికీ వెళ్లి అడిగారు. 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏ ఆస్తీ లేని స్త్రీలలో నూటికి 49 మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్లే. భూమి ఉన్నవాళ్లలో 18 మంది. ఇల్లు ఉన్నవాళ్లలో 10 మంది. రెండూ ఉన్నవాళ్లలో 7 మంది. అంకెలు ఇలా దిగుతుంటే చూసి నేను చాలాసేపు ఆ కాగితం పక్కన పెట్టలేకపోయాను. కారణం ఊహించడం కష్టం కాదు. వెళ్లిపోవడానికి చోటు ఉన్న మనిషి మీద చేయి ఎత్తే ముందు ఎవరైనా ఆలోచిస్తారు. ఆమె నిజంగా వెళ్లిపోనక్కర్లేదు. వెళ్లగలదు అన్నది ఇద్దరికీ తెలిస్తే చాలు.

బిహార్‌లో బోధ్‌గయ ఉద్యమం గురించి మీ పాఠ్యపుస్తకాల్లో ఉండకపోవచ్చు. 1978లో అక్కడి మఠం చేతిలో ఉన్న వేల ఎకరాల మీద భూమిలేని దళిత కుటుంబాలు పోరాటం మొదలుపెట్టాయి. దెబ్బలు తిన్నారు, జైలుకు వెళ్లారు, ఆడవాళ్లు ముందు వరుసలో నిలబడ్డారు. గెలిచాక పట్టాలు రాయడానికి వస్తే అధికారులు కుటుంబ పెద్ద పేరు చెప్పండి అన్నారు. అంటే మగవాడి పేరు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. పోరాటంలో మేము ఉన్నాం, పట్టాలో ఎందుకు లేము అని అడిగి, కొన్ని గ్రామాల్లో తమ పేరిటే భూమి రాయించుకున్నారు. కొట్లాడి గెలిచిన చోట కూడా రెండోసారి, సొంతవాళ్లతో, కొట్లాడవలసి వచ్చిందని గమనించండి.

మనకు దగ్గరలో జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో పనిచేసిన దళిత మహిళా సంఘాలు ఉన్నాయి. ఎస్సీ కార్పొరేషన్ పథకంలో కొన్న భూమి, ఉమ్మడిగా కౌలుకు తీసుకున్న భూమి వాళ్లు సాగు చేశారు. జొన్న, కొర్ర, కంది ఒకే చేలో కలిపి వేసి, విత్తనం ఇంట్లోనే దాచి, కరువు రోజులకు ఊళ్లోనే గింజల నిధి పెట్టుకున్నారు. ఏ పంట వేయాలో నిర్ణయించే అధికారం ఆడవాళ్ల చేతికి వచ్చినప్పుడు ముందు తిండిగింజ వేశారు. నాకు ఆ ఒక్క విషయం చాలా పెద్దదిగా అనిపిస్తుంది. దళిత స్త్రీ విషయంలో భర్త పేరిట కూడా భూమి లేకపోవడం ఎక్కువ, కాబట్టి అక్కడ ఉమ్మడి పట్టా అనే మాటకే అర్థం లేదు. అక్కడ కొత్తగా భూమి ఇవ్వాలి. 2014లో తెలంగాణ ప్రభుత్వం భూమిలేని దళిత కుటుంబాలకు మూడెకరాలు, అదీ స్త్రీ పేరిట, అని మొదలుపెట్టింది. ఆలోచన సరైనదే, అందింది చాలా కొద్ది కుటుంబాలకు.

వ్యవసాయ శాస్త్రవేత్త ఎమ్మెస్ స్వామినాథన్ రాజ్యసభ సభ్యుడిగా ఉన్నప్పుడు, 2012లో, మహిళా రైతుల హక్కుల బిల్లు ఒకటి ప్రవేశపెట్టారు. భూమి పేరిట ఉన్నా లేకపోయినా సాగు చేస్తున్న స్త్రీకి గ్రామసభ ఆమోదంతో రైతుగా ధ్రువపత్రం ఇవ్వాలన్నది దాని సారం. చర్చకు రాకుండానే కాలం తీరిపోయింది. ఆ బిల్లును మళ్లీ తేవాలని నేను ఏ సభలో మాట్లాడినా అడుగుతాను, ఇక్కడా అడుగుతున్నాను. ఇంకో కోరిక కూడా ఉంది. హక్కు విడుదల దస్తావేజు తండ్రి పోయిన కొన్ని నెలల దాకా రిజిస్టరు చేయకూడదని నియమం పెట్టాలి. దుఃఖంలో పెట్టిన సంతకానికి ఆ మాత్రం గడువు ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ ఖర్చు కాదు.

మీరు చేయగలిగినది ఉంది. మీ నాన్నగారు బతికి ఉండగానే అమ్మ పేరు చేర్చడానికి అడగండి. తండ్రి స్వార్జితమైతే ఆయన ఇష్టపూర్వకంగా భార్యకు గిఫ్టు దస్తావేజు రాయవచ్చు. ఇంట్లో ఈ మాట అమ్మ ఎత్తలేదు, ఎత్తితే అనుమానపడతారు. మీరు ఎత్తవచ్చు. ముఖ్యంగా అబ్బాయిలు ఎత్తాలి, ఎందుకంటే రేపు వారసులమని వచ్చేది మీరే.

ఇక్కడ ఉన్నవారిలో ఇంటి పెద్ద చనిపోయి భూమి ఇంకా పేరు మారనివాళ్లు ఉంటే భోజనం తర్వాత పక్క గదిలో నన్ను కలవండి, సాయంత్రం దాకా ఉంటాను. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, పాసుపుస్తకం మొదటి పేజీ, ఆధార్ కావాలి. కాగితాలు ఇంటి దగ్గర ఉంటే ఫోను చేసి ఫొటోలు తెప్పించుకోండి, చాలు. కుటుంబ సభ్యుల పత్రంలో అమ్మ పేరు, పెళ్లయిన అక్కల పేర్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. లేకపోతే మొదట ఆ పత్రం సరిచేయించాలి, అక్కడినుంచే మొదలుపెడదాం.